కాటా చీటీ ఎందుకు రాలేదు?

మండపేట వైపు రోడ్డు పక్కనున్న ఒక వేబ్రిడ్జిలో గుమాస్తాగా పనిచేసే ఆయన అడిగిన సంగతి ఇది. "పాత కంప్యూటర్ పోయిందండి. కొత్తది తెచ్చాం. ప్రింటర్ మాత్రం పాతదే, బండలా ఉంది, దానికేం కాలేదు. రెండూ కేబుల్‌తో కలిపాం. లైటు వెలుగుతోంది. చీటీ మాత్రం రావట్లేదు. ఎందుకండీ? ప్రింటర్ కూడా మార్చెయ్యమంటారా?"

కోతల రోజుల్లో ఇది చిన్న ప్రశ్న కాదు. ధాన్యం ట్రాక్టరు రెండుసార్లు కాటా ఎక్కాలి, లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి. రెండు బరువులూ, వాటి తేడా పడిన చీటీ చేతికొస్తేనే రైతు కదులుతాడు. చీటీ ఆగితే వెనక బళ్ళన్నీ ఆగుతాయి. ఆ ఒత్తిడిలో ఎవరో ఒకరు "అది పారేసి లేజర్ కొనండి" అంటారు, కొనేస్తారు. తొందరపడొద్దని నా మాట. ఆయన చెప్పినదాన్నిబట్టి ప్రింటర్ బాగానే ఉంది, కంప్యూటరూ బాగానే ఉంది. తేడా వచ్చింది వాటి మధ్య ఒప్పందంలో. అది ఎక్కడ తెగిందో వెతకడం ఎలాగో చెబుతాను.

అసలు పాత ప్రింటర్‌నే ఎందుకు పట్టుకు వేలాడాలి?

కాటా చీటీకి మూడు కాపీలు కావాలి. రైతుకొకటి, మిల్లుకొకటి, కాటా దగ్గర ఉంచుకోవడానికొకటి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ తలలో నిలువుగా తొమ్మిది సన్నని సూదులుంటాయి (ఖరీదైనవాటిలో ఇరవై నాలుగు). అవి రిబ్బన్ మీద కొడతాయి. ఆ దెబ్బకు కింద కార్బన్ ఉన్న రెండో కాగితం, మూడో కాగితం మీద కూడా అచ్చు పడుతుంది. లేజర్ ప్రింటర్ పొడిని వేడితో అతికిస్తుంది, ఇంక్‌జెట్ సిరా చిమ్ముతుంది. రెండూ కొట్టవు, కాబట్టి కార్బన్ కాపీ రాదు. పైగా ఊక, ధూళి ఎగిరే చోట డాట్ మ్యాట్రిక్స్ తట్టుకున్నట్టు మిగతావి తట్టుకోవు. లారీ ఆఫీసుల్లోనూ మిల్లుల్లోనూ ఆ గరగర శబ్దం ఇంకా వినిపించడానికి కారణం పిసినారితనం కాదు. ఆ పనికి సరైన యంత్రం అదే.

మన జిల్లాల్లో కౌంటర్ దగ్గర నిలబడినవాడు ఎదురుచూసేది కాగితం కోసమే. 1998 నవంబరు 4న అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో రిజిస్ట్రేషన్ల పనిని కంప్యూటర్ మీదికి తెచ్చిన 'కార్డ్' పథకం మొదలైనప్పుడు జనానికి కనిపించిన మార్పు కూడా అదే. ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) కోసం పాత పుస్తకాలు తిరగేసే రోజుల తర్వాత, కంప్యూటర్ వెతికిచ్చిన కాగితం చేతికొచ్చింది. 2002లో పశ్చిమ గోదావరి పల్లెల్లో ఈ-సేవ కేంద్రాలు తెరిచి మహిళా సంఘాల వాళ్ళకు అప్పగించినప్పుడూ అంతే. తెరమీద ఎంత బాగా కనిపించినా, ముద్ర వేయడానికి కాగితం బయటికి రావాలి.

కేబుల్ కలిపాం కదా, ఇంకేం కావాలి?

మూడు కలవాలి. మొదటిది దారి, అంటే కేబులూ దాని మూతులూ. రెండోది ఆ దారిలో సరుకును అందించి పుచ్చుకునే పద్ధతి. మూడోది చేరిన సరుకును ప్రింటర్ చదవగలిగే భాష. లైటు వెలిగిందంటే కరెంటు వచ్చిందన్నమాట. ఈ మూడింటి గురించి లైటు ఏమీ చెప్పదు.

దారితో మొదలుపెడదాం. పాత ప్రింటర్ వెనక వెడల్పాటి మూతి, రెండువైపులా తీగ కొక్కేలు ఉంటాయి. అది 1970లో అమెరికాలో సెంట్రానిక్స్ కంపెనీ తన మోడల్ 101 ప్రింటర్‌తో తెచ్చిన 36 కాళ్ళ మూతి. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు కంప్యూటర్ వైపు దాన్ని 25 కాళ్ళకు కుదించారు. ఎనిమిది తీగల మీద ఒక అక్షరం ఒక్కసారే పక్కపక్కన నడిచి వెళ్తుంది, అందుకే దాన్ని ప్యారలల్ పోర్ట్ అన్నారు. ఇంకో తీగ మీద "పంపాను, తీసుకో" అనే సైగ. ప్రింటర్ వైపు నుంచి తిరిగి "ఆగు, పనిలో ఉన్నాను" అనే సైగ ఒకటి, "కాగితం అయిపోయింది" అనే సైగ ఒకటి. ఎంతో సూటైన ఏర్పాటు. కానీ కేబుల్ పొడవు అయిదు మీటర్లు దాటితే సైగలు కలగాపులగం అవుతాయి. అందుకే రెండు కంప్యూటర్లకు ఒకే ప్రింటర్ ఉన్న ఆఫీసుల్లో వెనకటికి బల్లమీద ఒక డబ్బా, దానికి ఏ, బీ అని తిప్పే గుబ్బ ఉండేవి. ప్రింట్ కావాల్సినవాడు లేచి వెళ్ళి గుబ్బ తిప్పి వచ్చి కూర్చునేవాడు.

కొత్త కంప్యూటర్లకు ఆ మూతే లేదు. అందుకని బజార్లో యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కు మారే కేబుల్ ఇస్తారు. మన గుమాస్తాగారు కలిపిందీ అదే. ఇక్కడే మొదటి చిక్కు. కాటా ప్రోగ్రామ్ పాతకాలం డాస్ ప్రోగ్రామ్. దానికి తెలిసిన ఊరు ఒక్కటే, ఎల్‌పీటీ1, అంటే పాత ప్యారలల్ పోర్ట్ పేరు. కొత్త కేబుల్ విండోస్‌లో ప్రింటర్‌ను యూఎస్‌బీ001 అనే పేరుతో చూపిస్తుంది. ప్రోగ్రామ్ ఎల్‌పీటీ1కే పంపుతోంది. ఆ ఊళ్ళో ఎవరూ లేరు.

ఆ ప్రోగ్రామ్ కొత్త కంప్యూటర్‌లో అసలు నడవడానికే ఇంకో అడ్డు ఉంది. 64 బిట్ల విండోస్ పాత 16 బిట్ల డాస్ ప్రోగ్రాములను నడపదు. డాస్‌బాక్స్ వంటి సాఫ్ట్‌వేర్ పెట్టి, పాత కంప్యూటర్‌లా నటించే చిన్న గదిని సృష్టించి అందులో నడపాలి. ఆయన దగ్గర ఎవరో ఇప్పటికే ఆ పని చేసిపెట్టారు. అందుకే తెర మీద బరువు కనిపిస్తోంది.

వేరే గదిలోని కంప్యూటర్‌కు తగిలించి, నెట్‌వర్క్‌లో పంపుకుంటే?

ఇదీ ప్రయత్నించారట. మిల్లు ఆఫీసులో ఇంకా విండోస్ ఎక్స్‌పీతో నడుస్తున్న కంప్యూటర్ ఒకటుంది, దానికి పాత ప్యారలల్ మూతి ఉంది. ప్రింటర్ దానికి తగిలించి షేర్ చేశారు. కొత్త కంప్యూటర్‌కు అది కనిపించనే లేదు. ఇది రెండో చిక్కు, అందించి పుచ్చుకునే పద్ధతిలో వచ్చింది. దీనికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1990లలో మన ఊళ్ళలో ఆఫీసు నెట్‌వర్క్ అంటే నల్లటి గుండ్రని కోయాక్సియల్ కేబుల్. ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి దండలా వెళ్ళేది. రెండు చివర్లా 50 ఓమ్‌ల టోపీలు బిగించాలి. తుడిచేటప్పుడు చీపురు తగిలి ఒక టోపీ ఊడితే మొత్తం ఆఫీసు ఆగిపోయేది. ఆ టోపీ వెతుక్కుంటూ బల్లల కింద పాకిన రోజులు నాకు గుర్తున్నాయి. తీగ ఒక్కటే అయినా దాని మీద నడిచే పద్ధతులు నాలుగైదు. నావెల్ కంపెనీ నెట్‌వేర్ ఐపీఎక్స్ అనే పద్ధతిలో నడిచేది. విండోస్ కంప్యూటర్లు నెట్‌బ్యూయీలో మాట్లాడుకునేవి. అచ్చు పనుల కోసం మ్యాక్ కొన్నవాళ్ళది యాపిల్‌టాక్. యూనిక్స్ యంత్రాలది టీసీపీ/ఐపీ, అందులో ప్రింటర్ కోసం ఎల్‌పీడీ అనే మర్యాద, అంటే ప్రోటోకాల్. ఒకే కాలువలో నాలుగు రకాల పడవలు పోతున్నా ఒకదాని సరుకు ఇంకోదానికి అందేది కాదు. తర్వాత ఇంటర్‌నెట్‌తో పాటు టీసీపీ/ఐపీ అందరి పద్ధతి అయింది. నెట్‌బ్యూయీ, ఐపీఎక్స్ విండోస్ విస్టా నాటికి మూటకట్టేశాయి.

అయినా విండోస్ కంప్యూటర్లు ఫైళ్ళూ ప్రింటర్లూ పంచుకునే ఎస్‌ఎంబీ అనే మర్యాద మిగిలింది. ఎక్స్‌పీకి తెలిసింది దాని మొదటి రూపం మాత్రమే. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ మొదటి రూపంలోని కన్నం గుండానే. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లకు కూడా అది తగిలింది. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి మైక్రోసాఫ్ట్ ఆ తలుపు మూసేసింది. కాబట్టి గుమాస్తాగారి కొత్త కంప్యూటర్‌కు ఎక్స్‌పీ యంత్రం కనిపించకపోవడం పొరపాటున జరిగింది కాదు. కావాలని వేసిన గడియ అది.

ఆ గడియ మళ్ళీ తీసే ఉపాయాలు చాలామంది చెబుతారు. రెండు టిక్కులు పెడితే తెరుచుకుంటుంది, ప్రింట్ వస్తుంది. నేను మాత్రం వద్దంటాను, గట్టిగా వద్దంటాను. ఆ కంప్యూటర్‌లోనే రైతుల లెక్కలున్నాయి. చీటీ కోసం లెక్కల గదికి కన్నం పెట్టుకోకూడదు. 2021లో విండోస్ ప్రింట్ వ్యవస్థలోనే ఇంకో పెద్ద లొసుగు బయటపడి, దాన్ని సరిచేసే అప్‌డేట్లు వచ్చాక, కొత్త పాత విండోస్‌ల మధ్య ప్రింటర్ షేరింగ్ చాలాచోట్ల ఆగి, 11బీతో ముగిసే ఎర్రర్ చూపించింది. దానికీ ఇదే మాట. భద్రతను కిందికి దించకుండా రెండు కంప్యూటర్లనూ అప్‌డేట్ చేయాలి. అప్‌డేట్లే ఆగిపోయిన ఎక్స్‌పీని ఆ లెక్కలోంచి తప్పించాలి.

మరి కొత్తదాన్నీ పాతదాన్నీ కలిపేదెలా?

ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులో, ధవళేశ్వరం లాకులో చూసినవాళ్ళకు ఇది చెప్పడం తేలిక. 1852లో గోదావరి ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువలు పొలాలకు నీళ్ళతో పాటు పడవలకు దారి కూడా అయ్యాయి. కాలువ ఒకచోట ఎత్తు, ఆ తర్వాత పల్లం. పడవ ఒక్క దూకులో దిగలేదు. లాకులో రెండు తలుపుల మధ్య ఒక గది ఉంటుంది. ఎగువ తలుపు తీసి పడవను గదిలోకి రానిస్తారు. ఆ తలుపు మూసి, తూము తెరిచి, గదిలో నీటిని దిగువ మట్టానికి దించుతారు. అప్పుడు దిగువ తలుపు తీస్తారు. రెండు తలుపులూ ఒకేసారి తెరవరు. ఎగువ కాలువను తవ్వి దించనక్కర్లేదు, దిగువ కాలువకు గట్టు పెంచనక్కర్లేదు. పడవ మాత్రం చేరుతుంది.

ప్రింట్ సర్వర్ అనేది సరిగ్గా ఇలాంటి లాకు. ఒక వైపు కొత్త కంప్యూటర్‌తో కొత్త మర్యాదలో మాట్లాడి సరుకంతా లోపలికి తీసుకుంటుంది. దాన్ని తన దగ్గర నిలవ పెట్టుకుంటుంది. దీన్నే స్పూల్ అంటారు. ఆ తర్వాత రెండో వైపు తిరిగి, పాత ప్రింటర్ "ఆగు" అంటే ఆగుతూ, "ఇవ్వు" అంటే ఇస్తూ, దాని వేగంలో దానికి అందిస్తుంది. కంప్యూటర్‌కు పాత సైగలు తెలియనక్కర్లేదు. ప్రింటర్‌కు నెట్‌వర్క్ ఒకటుందనే తెలియనక్కర్లేదు.

ఇలాంటి లాకులు కట్టినవాళ్ళ కథలు నాకు ఇష్టం. ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో చదువుకుంటున్న ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో తొలి రూపం విడుదల చేసిన సాంబా అటువంటిదే. రెండు యంత్రాల మధ్య తీగ మీద పోతున్న మాటలను గమనించి గమనించి, ఎస్‌ఎంబీ మర్యాదను యూనిక్స్ యంత్రాలకు నేర్పాడు. మైకేల్ స్వీట్ రాసిన కప్స్ 1999లో వచ్చింది. ఎల్‌పీడీ, సాంబా తోడుగా ఎస్‌ఎంబీ, ఇంటర్‌నెట్ కాలపు ఐపీపీ, అన్నిట్లోనూ సరుకు పుచ్చుకుని ఏ ప్రింటర్‌కైనా అందించగలదు. రెండూ ఉచితం. ఒక పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి కప్స్ పెడితే మిల్లు మొత్తానికి సరిపోయే లాకు తయారవుతుంది.

ఒక్క ప్రింటర్ ఉన్న కాటా క్యాబిన్‌కు అంత కూడా అక్కర్లేదు. ఒక వైపు నెట్‌వర్క్ మూతి, ఇంకో వైపు ప్యారలల్ మూతి ఉన్న ప్రింట్ సర్వర్ డబ్బాలు దొరుకుతాయి, అరచేతిలో పడతాయి. దానికొక స్థిరమైన ఐపీ అడ్రస్ ఇవ్వాలి. ఈ మాట నొక్కి చెబుతున్నాను. అడ్రస్ ఇచ్చే పని రౌటర్‌కు వదిలేస్తే, కరెంటు పోయి వచ్చాక అది ఇంకో అడ్రస్ ఇవ్వొచ్చు. "నిన్న వచ్చింది, ఇవాళ రావట్లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటి మూలం ఇదే. కంప్యూటర్‌లో ఆ అడ్రస్‌కు 9100 నంబరు పోర్ట్ పెట్టి ప్రింటర్‌ను చేర్చాలి. ఈ 9100 పద్ధతి అడిగినవాడెవరని చూడదు, వచ్చిందంతా కొట్టేస్తుంది. కాబట్టి ఆ డబ్బాను మిల్లు లోపలి నెట్‌వర్క్‌లోనే ఉంచాలి, బయట ఇంటర్‌నెట్‌కు తెరవకూడదు.

ఇక ఎల్‌పీటీ1 సంగతి. అలా చేర్చిన ప్రింటర్‌ను విండోస్‌లో ఒక చిన్న పేరుతో, 'కాటా' అనుకోండి, షేర్ చేసి, నెట్ యూజ్ అనే ఆజ్ఞతో ఎల్‌పీటీ1ను ఆ పేరుకు కట్టేయాలి. ఆ కట్టు శాశ్వతంగా ఉండమని కూడా ఆజ్ఞలోనే చెప్పాలి, లేకపోతే రోజూ పొద్దున్న మళ్ళీ కట్టాలి. డాస్‌బాక్స్ రకం సాఫ్ట్‌వేర్‌లో అయితే దాని సెట్టింగుల ఫైల్లోనే ఎల్‌పీటీ1 ఎటు పోవాలో రాసుకోవచ్చు. ప్రోగ్రామ్ తనకు తెలిసిన ఊరికే ఉత్తరం వేస్తుంది. దారి మళ్ళించే పని మనది.

ఇంత చేశాక పిచ్చి అక్షరాలు వస్తే?

సంతోషించాలి. దారి బాగుంది, పద్ధతి కుదిరింది, భాష ఒక్కటే మిగిలింది. ఏమీ రాకపోవడానికీ తప్పుగా రావడానికీ ఉన్న ఈ తేడా చాలామంది గమనించరు, మళ్ళీ కేబుల్ మార్చడం మొదలుపెడతారు.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లలో ఎక్కువ భాగం ఎప్సన్ కంపెనీ తెచ్చిన ఈఎస్‌సీ/పీ అనే భాష వింటాయి. అక్షరాలు అక్షరాలుగానే వస్తాయి, మధ్యలో 27 అనే నంబరుతో మొదలయ్యే ఆజ్ఞలు వస్తాయి. 27, 64 అంటే అంతా మరిచిపోయి మొదటికి రా. 27, 69 అంటే లావుగా కొట్టు. 15 ఒక్కటే వస్తే సన్నని అక్షరాలు, అప్పుడు 80 అక్షరాల వెడల్పు కాగితం మీద 130కి పైగా పడతాయి. పాత కాటా ప్రోగ్రామ్ ఈ ఆజ్ఞలు తానే రాసి పంపుతుంది. అందువల్ల విండోస్‌లో 'జెనెరిక్ / టెక్స్ట్ ఓన్లీ' అనే డ్రైవర్ పెట్టాలి. అది మాటను మాటగానే దాటిస్తుంది. ప్రింటర్ కంపెనీ డ్రైవర్ పెట్టి విండోస్ నుంచి కొడితే, అది పేజీ మొత్తాన్ని బొమ్మగా మార్చి చుక్కచుక్కగా పంపుతుంది. క్షణాల్లో రావాల్సిన చీటీ నత్తలా వస్తుంది.

లేజర్ కొందామనుకునేవాళ్ళు ఇక్కడొకటి తెలుసుకోవాలి. మన ఆఫీసుల్లో విరివిగా కనిపించే హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, కెనాన్ ఎల్‌బీపీ 2900 వంటి చిన్న లేజర్లలో పేజీ గీసే పనంతా కంప్యూటరే చేస్తుంది. ప్రింటర్‌కు సొంతంగా అక్షరాలు చదవడం రాదు. విండోస్ నుంచి చక్కగా పనిచేస్తాయి. డాస్ ప్రోగ్రామ్ పంపిన మాటలు మాత్రం వాటికి అర్థం కావు. లాకు కట్టినా లాభం లేదు.

తెలుగు సంగతి ఇంకా వేరు. డాట్ మ్యాట్రిక్స్ తన జ్ఞాపకంలో పెట్టుకున్నవి ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, గీతలు. తెలుగు కొట్టాలంటే దాన్ని బొమ్మగానే పంపాలి. డాస్ రోజుల్లో సీ-డాక్ వారి జిస్ట్ కార్డు కంప్యూటర్‌లో గుచ్చి ఆ పని చేయించేవారు. అక్షరాలకు నంబర్లు ఇస్కీ ప్రమాణం ప్రకారం, 1991లో భారత ప్రమాణాల సంస్థ దాన్ని ఖరారు చేసింది. ఇప్పుడు యూనికోడ్ వచ్చింది. డీటీపీ షాపుల్లో అను ఫాంట్లు యూనికోడ్ కంటే ముందు పుట్టినవి. ఇంగ్లిషు అక్షరాల స్థానంలోనే తెలుగు ముక్కలు పెట్టుకున్నాయి. అవి లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిషు గుర్తులు వస్తాయి. రాజమండ్రి డీటీపీ షాపులో చేసిన కరపత్రం ఇంకోచోట అచ్చుకు పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపమనేది ఇందుకే. కాటా చీటీకి తెలుగు కావాలంటే అందరూ చేసేదే మంచి పని. మిల్లు పేరు, ఊరు, 'లోడు బరువు', 'ఖాళీ బరువు' అన్న మాటలు ముందే ప్రెస్‌లో అచ్చువేయించిన కాగితం తెచ్చుకోవాలి, కంప్యూటర్ అంకెలు నింపుతుంది.

ఎక్కడ తెగిందో వరసగా తెలుసుకోవడం ఎలా?

ముందు ప్రింటర్‌ను ఒంటరిగా చూడండి. కేబుల్ పీకేసి, లైన్ ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని స్విచ్ వేస్తే చాలా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు వాటంతటవే అక్షరాల వరసలు కొట్టి చూపిస్తాయి. కొట్టిందంటే ప్రింటర్ బతికే ఉంది. తర్వాత కంప్యూటర్ నుంచి డబ్బా అడ్రస్‌కు పింగ్ ఇవ్వండి. జవాబొస్తే దారి ఉంది. ఆ తర్వాత నోట్‌ప్యాడ్‌లో నాలుగు అంకెలు వేసి ప్రింట్ కొట్టండి. అవి వస్తే మిగిలింది కాటా ప్రోగ్రామ్, దాని ఎల్‌పీటీ1 మాత్రమే. ఒక్కో అడుగులో ఒక్కటే మార్చాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఇదంతా ఫోన్లో చెప్పాను, ఆయన ఓపిగ్గా రాసుకున్నారు. నాలుగు రోజులకు మళ్ళీ ఫోన్. "చీటీ వస్తోందండి. కానీ ఒక్కోటీ అర అంగుళం పైకి జరిగి పడుతోంది. అయిదో చీటీకి బరువు వెళ్ళి మిల్లు పేరు మీద పడింది."

అర అంగుళం అనగానే సంగతి తెలిసింది. మన బజార్లో దొరికే కంప్యూటర్ కాగితం పొడవు 12 అంగుళాలు. దాన్ని సగానికి చిల్లులు పెట్టిస్తే చీటీ 6 అంగుళాలు. ప్రింటర్ లోపల పేజీ పొడవు మాత్రం విదేశాల్లోని 11 అంగుళాల కాగితంలో సగానికి, అయిదున్నరకు పెట్టి ఉంది. అంగుళానికి ఆరు వరసల లెక్కన 33 వరసలకే చీటీ అయిపోయిందని అది అనుకుంటోంది. నిజానికి 36 ఉన్నాయి. టెక్స్ట్ డ్రైవర్ సెట్టింగుల్లో ప్రతి పని మొదట్లో పంపాల్సిన ఆజ్ఞ రాసుకునే చోటుంది. అక్కడ 27, 67, 36 పెట్టమన్నాను. పేజీకి 36 వరసలని ప్రింటర్‌కు చెప్పడమన్నమాట. మొదటి చీటీ పైఅంచును చిల్లుల దగ్గర చేత్తో సరిచేసి, అప్పుడు స్విచ్ వేయమన్నాను.

ఆ సాయంత్రం ఖాళీ కాగితాల మీద ఇరవై చీటీలు వరుసగా తీసి, చిల్లుల దగ్గర చింపి, ఒకదాని మీద ఒకటి పెట్టి లైటుకు ఎదురుగా పట్టుకుని చూశారట. అంకె మీద అంకె పడింది.